మూత మారిన రాయి

మా బావ చేసిన పని చెప్పకుండా మిగతాది మొదలుపెట్టలేను. మా అక్క మొగుడు. ఎవరికి ఏ అవసరం పడ్డా "నాకొదిలెయ్" అంటాడు కాబట్టి ఆయన పేరే నాకొదిలెయ్ అయిపోయింది. ఇంటి గేటుకి తగిలించిన పలక మీద తప్ప అసలు పేరు ఇంకెక్కడా లేదు. ఇంటి ప్లాను నాకొదిలెయ్, పెళ్ళి సంబంధం నాకొదిలెయ్, ఆస్పత్రిలో మంచం నాకొదిలెయ్. అలా ఆయనకి వదిలేసినవాళ్ళలో చాలామంది ఆ తర్వాత దాన్ని మళ్ళీ పట్టుకోలేకపోయారు. వాళ్ళలో నేనొకణ్ణి.

మా నాన్న నాకిచ్చింది రోడ్డు పక్కన తోట. నీళ్ళున్నాయి, కాపు మీదున్న నిమ్మచెట్లున్నాయి. బావది అవతల చౌడు నేల, తుప్పలు తప్ప ఏదీ మొలవదు. ఒకరోజు ఆ చౌడు నేలలోకి కంపెనీ బళ్ళు వచ్చాయి. అవి భూమిని గుద్ది, కింద నుంచి వచ్చే చప్పుడు వింటాయి. నాలుగు రోజులు అటూ ఇటూ తిరిగి, చివరికి ఒకచోట ఎర్ర రంగు మేకులు పాతి వెళ్ళాయి. వారం తిరక్కుండా బావ మా ఇంట్లో ఉన్నాడు.

"బామ్మర్దీ, అదృష్టం నీ గుమ్మం ముందు చెప్పులు విప్పుతోంది. రమ్మంటావా, పొమ్మంటావా?"

"ముందు నువ్వు కూర్చో బావా."

"ఆ నేల కింద చమురుందిరా. బోరు మొదలైతే చాలు, ఏటేటా అద్దె. పడితే వాటా కూడా. నువ్వు ఆ కంపెనీలోనే ఉన్నావు, నీకు నేను చెప్పాలా? నా నేల నువ్వు తీసుకో, నీ తోట నాకియ్యి. తోటకి మూడింతలుంటుంది. మీ అక్క మొహం చూసి ఇస్తున్నా."

"అంత అదృష్టమైతే మీరే ఉంచుకోవచ్చుగా అన్నయ్యా?" అంది మా ఆవిడ.

"ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక నాకెక్కడిదమ్మా? వీడైతే లోపలి మనిషి. కాగితాల పనంతా నాకొదిలెయ్యండి."

అది తను అడిగినదానికి జవాబు కాదని మా ఆవిడకి ఆ క్షణమే తెలిసింది. నాకు ఏడాది పట్టింది. మూడు రోజులు సెలవు పెట్టి వెళ్ళి, చూపించినచోటల్లా సంతకం పెట్టి వచ్చాను.

లోపలి మనిషంటే నేనేదో మేడమీద గాజు గదిలో కూర్చుంటానని అనుకోవద్దు. నాది రాళ్ళ షెడ్డు. ఆరో తరగతితో బడి మానేసినవాడికి మేడమీద ఏం పని? భూమిలోకి బోరు వేసేటప్పుడు ముఖ్యమైన లోతుల దగ్గర ఆపి, చేతి మణికట్టు కన్నా కాస్త లావు రాతి కడ్డీల్ని చెక్కుచెదరకుండా పైకి తీస్తారు. వాటిని చెక్కపెట్టెల్లో పేర్చి, ఏ లోతుదో రాసి, నాకు అప్పజెబుతారు. ఇరవై రెండేళ్ళుగా వాటిని కాస్తున్నాను. పెట్టెలు రేకు కప్పు దాకా ఉంటాయి. షెడ్డులోకి వచ్చిన పెద్దచదువుల వాళ్ళందరూ రాయిని చూస్తారు, ఆ రాయి మోసుకొచ్చిన మనిషిని చూడరు. ఒకాయన తొమ్మిదేళ్ళు వచ్చాడు, రిటైరయ్యే రోజున నన్ను "మీరు కొత్తగా చేరారా?" అని అడిగాడు.

పొయ్యి మేడమ్ వచ్చాక అది కొంచెం మారింది. చమురు తయారయ్యే చోటుని వాళ్ళ భాషలో వంటిల్లు అంటారట. ఆవిడ నోరు తెరిస్తే ఆ వంటింటి సంగతే, అందుకే ఆ పేరు. ముప్పై అయిదేళ్ళుంటాయి. జేబులో ఎప్పుడూ చిన్న భూతద్దం ఉండేది, చెప్పులకి ఎప్పుడూ మట్టి ఉండేది. మొదటిరోజే నన్ను అడిగింది:

"అన్నా, ఇందులో మీకు బాగా నచ్చిన రాయేది?"

అలాంటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నచ్చిన రాయి చూపించాను. అందులో గుల్ల అచ్చు ఉంది, గోటి మీద పట్టేంత చిన్నది. ఆవిడ భూతద్దం పెట్టి చూసి, "ఓరి నీ, ఎంత ముద్దుగా ఉన్నావే" అంది. నాతో కాదు, గుల్లతో.

కొన్నాళ్ళకి ఆవిడ తన కంప్యూటరు షెడ్డుకే తెచ్చింది, ఒక పెట్టె మీద పెట్టింది. "ఇటు రండన్నా. మీ రాళ్ళు చిన్నప్పుడు ఏం చేశాయో చూద్దురుగాని."

తెర మీద సముద్రం. దాని అడుగున పొరలు. పక్కన గడియారం లాంటిది ఒకటి, గంటలకి బదులు కోట్ల ఏళ్ళు చూపిస్తోంది. నాచూ పురుగూ పుట్రా చచ్చి అడుగున పడుతున్నాయి, బురద కప్పుతోంది. దానిమీద ఇసుక, మళ్ళీ బురద. పైన పడేకొద్దీ కింద పొర అణిగిపోతోంది. లోతుకి దిగేకొద్దీ నీలంగా ఉన్నది పచ్చబడింది, పచ్చగా ఉన్నది ఎర్రబడింది. ఎర్రబడ్డ చోట నుంచి సన్నని బాణాలు పుట్టి పైకి పాకడం మొదలుపెట్టాయి.

"అదే చమురు," అంది. "నీటి కన్నా తేలిక కదా, పైకే పోతుంది. ఇసకరాయిలో సందులుంటాయి, వాటిల్లోంచి పాక్కుంటూ పోతుంది. పైన గిన్నె బోర్లించినట్టు గట్టి పొర అడ్డం వస్తే దాని కింద చిక్కుకుంటుంది. లేకపోతే పోయి సముద్రంలో కలుస్తుంది. భూమిలో పుట్టిన చమురులో చాలావరకు అలా పోయిందే అన్నా. మనకి దొరికేది ఏదో దారి తప్పి ఆగిపోయింది."

"మరి గిన్నె ఉంటే చాలా?"

"గిన్నె ముందు బోర్లించాలి, తర్వాత వంట అవ్వాలి. వంటయి ఆవిరంతా పోయాక గిన్నె తెచ్చి బోర్లిస్తే ఏం మిగులుతుంది?"

పన్నెండు కోట్ల ఏళ్ళు నాలుగు నిమిషాల్లో అయిపోయాయి. నేను మళ్ళీ వెయ్యమన్నాను. ఆవిడ వేసింది. మూడోసారి అడగడానికి సిగ్గేసింది, కానీ ఆవిడే వేసింది. నా పెట్టెల్లో ఉన్నవి చచ్చిన రాళ్ళనుకుంటూ ఇరవై రెండేళ్ళు దుమ్ము దులిపాను. వాటికి ఇంత బతుకుందని ఎవరు చెప్పారు నాకు?

"ఇదంతా ఎవరు చూశారు మేడమ్?"

"ఎవరూ చూళ్ళేదు. అందుకే లెక్క కట్టాలి. ఈ నల్లరాయిలో బొగ్గు నలుసులుంటాయి, అప్పటి చెట్లవి. వాటికి ఎంత వేడి తగిలితే అంత మెరుస్తాయి. రాయి మళ్ళీ చల్లారినా ఆ మెరుపు పోదు. నా లెక్క ఇంత వేడి అంది, నలుసు అంత మెరుపు చూపించింది అనుకోండి, రెండూ కలవాలి. కలవకపోతే పారెయ్యాల్సిందే."

"రాయినా, లెక్కనా?"

"లెక్కనే. రాయి అబద్ధమాడదు కదా."

తర్వాత బోర్లించిన గిన్నె చూపించింది. దాని నడినెత్తిన ఎర్ర గుర్తు. మేకులు పాతిన చోటు అది. అంటే నా చౌడు నేల. "ఆ పైన నేల ఎవరిదో గానీ, ఇది కలిసొస్తే వాడంత అదృష్టవంతుడు లేడు," అంది నవ్వుతూ. నేను పెట్టె మీద లేని దుమ్ము తుడిచాను.

ఆ చోటు గురించి లెక్క కట్టడానికి ఆవిడకి ఆధారం పక్కనే ఎప్పుడో పాతికేళ్ళ కింద వేసిన బోరు. దాని కడ్డీలు నా దగ్గరే ఉన్నాయి. అందులో చమురు పుట్టించే నల్లరాయి రెండు పెట్టెలు. రెండో నంబరు పెట్టెలోది రెండు వేల మీటర్ల లోతుది, ఐదో నంబరుది మూడు వేల ఆరువందలది. నేను భూమి సంతకాలకి సెలవులో ఉన్న మూడు రోజుల్లోనే ఎవరో వచ్చి వాటిలోంచి ముక్కలు తీసుకెళ్ళి మెరుపు కొలిపించారట. కొలతలొచ్చాక మేడమీద అందరూ సంబరపడ్డారు. పై పొర సరిగ్గా ఉడికింది, అదీ ఈమధ్యనే, గిన్నె బోర్లించాక. ఇంకేం కావాలి? పెద్దసారు సోమవారానికల్లా పటం ఇమ్మన్నాడు. పటం మీద పొయ్యి మేడమ్ సంతకం పడితే బోరు మొదలవుతుంది, నాకు అద్దె మొదలవుతుంది.

సంబరపడనిది ఆవిడొక్కతే. గురువారం పొద్దున్నే షెడ్డుకి వచ్చింది, మొహం వాడిపోయి ఉంది.

"పైన రాయి ఉడికింది, కింద రాయి పచ్చిగా ఉందన్నా. ఎక్కడైనా అడుగు కదా ముందు ఉడకాలి? పెద్దసారేమో మధ్యలోంచి నిప్పులాంటి రాయేదో దూరి పై పొరని కాల్చిందంటాడు. దూరితే దాని జాడ ఉండాలిగా. కనపడని పొయ్యి నేనెలా వెలిగించను?" అని, "ఆ రెండు పెట్టెలూ ఒకసారి దించుతారా? ఇంకో ముక్క తీసుకుంటా," అంది.

నిచ్చెనెక్కి రెండో నంబరు పెట్టె భుజానికెత్తుకున్నాను. రెండు మెట్లు దిగేసరికి నాకు తెలిసిపోయింది.

బరువుంది. పై పొరల రాయి అంత బరువుండదు. ఎంత లోతుకి పోతే అంత అణిగి, సందులు పోయి, రాయి బరువెక్కుతుంది. ఆ మాట చదువుకున్నవాళ్ళు ఎలా చెబుతారో గానీ, నా భుజానికి ఇరవై రెండేళ్ళుగా తెలుసు. పెట్టె కింద పెట్టి, ఐదో నంబరుది దించాను. తేలిగ్గా వచ్చింది. మూత తీసి కడ్డీని వేలితో తట్టాను. మెత్తగా, పగిలిన మట్టికుండలా మోగింది. మొదటిదాన్ని తట్టాను, కంచులా మోగింది.

ఆరేళ్ళ కిందట ఆ వరసకి చెదలు పట్టింది. పాత పెట్టెల్లోంచి కడ్డీలు తీసి కొత్త పెట్టెల్లో సర్దాను. మా షెడ్డులో ఒక పద్ధతుంది: ఒక మూత తీస్తే అది మళ్ళీ బిగించేదాకా ఇంకో మూత ముట్టుకోకూడదు, ఎందుకంటే నంబరుండేది మూత మీదే, పెట్టె మీద కాదు. ఆ రోజు బావ ఏదో పెళ్ళికి తీసుకెళ్ళడానికి గేటు బయట కారాపి హారన్ మోగిస్తున్నాడు. రెండు మూతలు ఒకేసారి తీశాను. తప్పు నాదే. హారన్ మాత్రం ఆయనది.

మేడమ్ తనకి కావలసిన ముక్కలు తీసుకుని, "థాంక్సన్నా" అని వెళ్ళిపోయింది. నేను ఆ మూతలు అలాగే బిగించేశాను.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి మా ఆవిడకి అంతా చెప్పాను. తను వింటూ ఉల్లిపాయ తరుగుతోంది, చెయ్యి ఆగలేదు.

"చెబితే ఏమవుతుంది?"

"పై పొర పచ్చిదని తేలుతుంది. అడుగు పొర ఎప్పుడో, గిన్నె రాకముందే, ఉడికిపోయిందని తేలుతుంది. బోరు వెయ్యరు."

"చెప్పకపోతే?"

"వేస్తారు. ఏమీ పడదు."

"పడకపోయినా అద్దె ఇస్తారుగా?"

"ఇస్తారు."

"మరింకేంటండీ? నష్టం వాళ్ళది. వాళ్ళకేమైనా మనలాగా ఒక్కటే తోటుందా?" కళ్ళు తుడుచుకుంది, ఉల్లిపాయకో దేనికో. "నా నిమ్మచెట్లు మీ బావకి ఇచ్చేటప్పుడు నన్ను అడిగారా? ఇప్పుడడుగుతున్నారు."

సాయంత్రం బావ ఇంటికి వెళ్ళాను. అక్క తోటలోంచి తెచ్చిన నిమ్మకాయలు బుట్టలో ఉన్నాయి. నా కాయలు నాకే రసం పిండి ఇచ్చింది.

"బావా, ఊరికే అడుగుతున్నా. ఒకవేళ బోరు పడకపోతే నీ నేల నువ్వు తీసేసుకుంటావా?"

ఆయన పెద్దగా నవ్వాడు. "ఏంట్రా, ఏదైనా విన్నావా?"

"వినలేదు."

"మాటంటే మాటేరా. మగాడన్నాక ఇచ్చింది వెనక్కి తీసుకుంటాడా?" అన్నాడు. ఆయన ఇచ్చింది వెనక్కి తీసుకోవడం గురించి అంత పౌరుషంగా మాట్లాడతాడని నేననుకోలేదు. "తాగు, తాగు. చక్కెర చాలిందా?"

"చాలింది," అన్నాను. పుల్లగా ఉంది.

శుక్రవారం మేడమ్ మళ్ళీ వచ్చింది. ఈసారి పని మీద కాదు, మేడమీద కూర్చోలేక వచ్చింది. కొత్త ముక్కలూ అదే చెప్పాయట. లెక్కని నలభై రకాలుగా మార్చి చూసిందట. భూమి వేడి పెంచింది, తగ్గించింది, పొరలు మందం చేసింది, పలచన చేసింది. దేనికీ ఒప్పుకోలేదు.

"నా లెక్కే తప్పన్నా," అంది, పెట్టె మీద కూలబడి. "పెద్దసారు చెప్పిందే నిజమేమో. పదకొండేళ్ళు ఈ పనే చేసి, ఇంత చిన్నది కూడా తెలుసుకోలేకపోయా. సోమవారం సంతకం పెట్టేస్తా, అంతే."

బల్ల మీద కాగితం ఉంది. దాని మీద ఆవిడ గీసిన వంపు గీత, లోతుకి పోయేకొద్దీ వేడి ఎలా పెరిగిందో చెప్పేది. అంత చక్కటి గీత నేను చూడలేదు. దానికి అటొకటి ఇటొకటి, దూరంగా, రెండు చుక్కలు. నా రెండు పెట్టెలు. ఆరో తరగతిలో నేను చేసిన లెక్క ఒప్పయినా పక్కవాడి దగ్గర చూసి రాశావని మాస్టారు కొట్టేశాడు. పలక అక్కడే పెట్టి వచ్చేశాను, మళ్ళీ వెళ్ళలేదు. ఆ గీత వంక చూస్తుంటే మాస్టారి చాక్‌పీసు నా చేతిలోనే ఉన్నట్టనిపించింది.

"మీ లెక్క తప్పు కాదు మేడమ్."

"మీకెలా తెలుసన్నా?"

"తక్కెడ దగ్గరికి రండి."

రెండో నంబరు పెట్టెని తూచాను. నలభై ఒక్క కిలోలు. ఐదో నంబరుది ముప్పై ఏడు. రెండింట్లోనూ రెండేసి మీటర్ల కడ్డీలే, లావు ఒకటే. ఆవిడ ముల్లు వంక చూసింది, నా వంక చూసింది. ఇంతకన్నా ఒక్క ముక్క కూడా నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

"మూతలు," అంది మెల్లగా.

"మార్చింది నేనే. ఆరేళ్ళయింది. రాయి అబద్ధమాడలేదు మేడమ్, మూత ఆడింది."

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఒక్క గంతులో కంప్యూటరు దగ్గరికి వెళ్ళి, రెండు కొలతల్నీ అటుదిటు, ఇటుదటు మార్చి, మీట నొక్కింది. "ఇరవై నిమిషాలు పడుతుంది," అని గోళ్ళు కొరుక్కుంటూ షెడ్డంతా తిరిగింది. నేను ఎర్రటి కుర్చీ ఒకటి తెచ్చి వేశాను గానీ ఆవిడ కూర్చోలేదు.

చుక్కలు రెండూ వచ్చి గీత మీద కూర్చున్నాయి. పక్కన కాదు, దగ్గర్లో కాదు, గీత మీదే.

"అమ్మ దొంగా!" అని అరిచింది. నా జబ్బ మీద ఒక్కటిచ్చింది. "చూశారా అన్నా? చూశారా? కనపడని పొయ్యీ లేదు, పాడూ లేదు!"

తర్వాత సినిమా వేసింది. మళ్ళీ సముద్రం, నాచు, బురద. అడుగు పొర లోతుకి దిగి, ఎర్రబడి, బాణాలు పుట్టాయి. ఆరు కోట్ల ఏళ్ళ కిందట. అవి పైకి పాకాయి, ఇసకరాయి దొరికింది, దాని వెంట పక్కకి జరిగాయి. నా నేల ఉండాల్సిన చోటు కింద నుంచే పోయాయి. అప్పటికి అక్కడ గిన్నె లేదు, బల్లపరుపుగా ఉంది. ఒక్కటి కూడా ఆగలేదు. దూరంగా సముద్రం అడుగున బయటపడి, మాయమయ్యాయి. గడియారం తిరుగుతూనే ఉంది. ఎప్పుడో, అంతా అయిపోయిన నాలుగు కోట్ల ఏళ్ళకి, పొరలు మెల్లగా ఉబ్బి, ఎంతో అందంగా గిన్నె బోర్లుకుంది. నున్నటి గిన్నె, ఎక్కడా చిల్లి లేదు. లోపల ఏమీ లేదు. పై పొర పచ్చిగా అలాగే పడుంది, ఇంకో రెండు కోట్ల ఏళ్ళు ఆగితే ఉడుకుతుందేమో.

నన్ను చాలామంది ముంచారు గానీ, ఇంత నిజాయితీగా, ఎక్కడ మునిగానో అడుగడుగూ చూపిస్తూ ఎవరూ ముంచలేదు. ఎవరూ చూడని కాలాన్ని కూర్చోబెట్టి నిజం చెప్పించింది ఆ మనిషి. నా అద్దె పోతోందని తెలిసి కూడా కళ్ళు తిప్పుకోలేకపోయాను.

"ఇంకోసారి వెయ్యండి మేడమ్," అన్నాను.

ఆవిడ రిపోర్టులో నా సంగతీ రాసింది. మూతలు తారుమారయ్యాయనీ, షెడ్డు ఉద్యోగి రాయి బరువు పోల్చి ఆ పొరపాటుని కనిపెట్టాడనీ. ఎవరు తారుమారు చేశారో రాయలేదు. నేనే వెళ్ళి పెద్దసారుకి చెప్పాను.

"ఇరవై రెండేళ్ళ సర్వీసయ్యా నీది, మూతలు పెట్టడం రాదా?" అన్నాడు. తర్వాత కాగితాల్లో తల దూర్చి, "బోరు వేసుంటే మన ఉద్యోగాలు పోయేవిలే" అని గొణిగాడు. ఆ ఏడు జీతం పెంపు ఆపేశారు. ఇకనుంచి నంబరు మూతమీదా, పెట్టెమీదా, కడ్డీమీదా కూడా రాయాలని ఆర్డరు వేశారు. ఆ రాత పనీ నాకే పడింది.

మేకులు పీకే రోజున మేడమ్ కూడా చౌడు నేలకి వచ్చింది. పొలం కాగితంలో నా పేరు చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఇది మీదా? ముందే ఎందుకు చెప్పలేదన్నా?"

"చెబితే మీరు పెట్టెల్ని తూచేవారు కాదు, నన్ను తూచేవారు."

ఆవిడ కింద కూర్చుని, పిడికెడు చౌడు మట్టి తీసి, భూతద్దంలో చూసింది, అలవాటుగా. "దీని కింద ఎంత చక్కటి గిన్నె ఉందో మనిద్దరికే తెలుసు," అంది. ఆ మాటకి మా ఆవిడయితే ఏమనేదో గానీ, నాకు నిజంగానే కాస్త గర్వమనిపించింది.

బావకి కబురు నేను చెప్పకముందే తెలిసింది. "నేల కింద సంగతి నాకెలా తెలుస్తుందిరా, నువ్వు కదా లోపలి మనిషివి!" అన్నాడు. మళ్ళీ నేలలు మార్చుకుందామంటే, మాటంటే మాటే అన్నాడు. తోటకి ఇప్పుడు ఇనుప గేటు పెట్టించాడు. నేను పోగొట్టుకున్నది కాగితం ప్రకారం ఒక ఎకరం పన్నెండు సెంట్లు, అందులో బావి ఒకటి, కాపు మీదున్న నిమ్మచెట్లు నలభై మూడు.